మేడ మీద చెర్రీ టమోటా: సెప్టెంబర్ నుంచి ఉగాది దాకా నా అనుభవం

నేను పుట్టి పెరిగింది మదనపల్లె దగ్గర ఒక పల్లెలో. మా నాయన ముప్పై ఏళ్లుగా టమోటా పెడుతున్నాడు. చిన్నప్పుడు సెలవులొస్తే కాయ కోసి క్రేట్లకెత్తడమే మా పని. అందుకే హైదరాబాద్‌లో అద్దెకుంటున్న ఇంటి మేడ మీద పన్నెండు గ్రో బ్యాగుల్లో చెర్రీ టమోటా వేద్దామనుకున్నప్పుడు ఇదెంత పని అనిపించింది. నాయనకి ఫోన్ చేసి చెప్పను కూడా లేదు. కాయలు కాశాక ఫొటో పంపి ఆశ్చర్యపరుద్దామని నా ఆలోచన.

విత్తనాలు వేసింది 2024 సెప్టెంబర్ 22, ఆదివారం. మొత్తం ఐదు రకాలు. సన్‌గోల్డ్ పది గింజలు 220 రూపాయలు. బ్లాక్ చెర్రీ, యెల్లో పేర్, టైనీ టిమ్ ఒక్కో ప్యాకెట్ 140. గింజలు లెక్కపెడుతుంటే మా ఆయన పక్కన నిలబడి, "ఒక్కోటి 22 రూపాయలా? దీనికంటే జీడిపప్పు నయం" అన్నాడు. ఐదోది కొన్నది కాదు. సూపర్ మార్కెట్‌లో 60 రూపాయల డబ్బాలో దొరికిన ఎర్ర చెర్రీ టమోటాలు రెండు పిండి, గింజల మీద జిగురు పోయేలా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, కాగితం మీద ఆరబెట్టాను. హైబ్రిడ్ కాయ గింజలు వేస్తే తల్లిలాంటి చెట్టే వస్తుందన్న నమ్మకం లేదు. పోయేదేముందిలే, ఊరికే వచ్చినవేగా అనుకున్నాను.

ఆ డబ్బా గింజలే అన్నిటికన్నా ముందు, ఐదో రోజున లేచాయి. సన్‌గోల్డ్ ఏడో రోజున పదికి ఆరు. యెల్లో పేర్ తొమ్మిదో రోజు. బ్లాక్ చెర్రీ మాత్రం పదకొండు రోజులు ఏడిపించింది. ఇక రావులే అని ఆ కప్పుల్లో కొత్తిమీర చల్లబోతుంటే పచ్చగా మెడ వంచుకుని ఒకటి కనిపించింది. చివరికి నాలుగు మొలిచాయి. అక్టోబర్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వాన పడింది, కప్పులన్నీ మేడ మీదే ఉన్నాయి. మర్నాటి నుంచి నారు మొదలు దగ్గర దారంలా సన్నబడి ఒక్కొక్కటే ఒరిగిపోయింది. నారుకుళ్లు. నాలుగు బ్లాక్ చెర్రీల్లో రెండు మిగిలాయి.

ఈలోగా మట్టి పని. ఐదు కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక నీళ్లు పోస్తే ఉబ్బుతుందని తెలుసు. ఎంత ఉబ్బుతుందో తెలియదు. బాత్రూంలో బకెట్‌లో పెట్టి నీళ్లు వదిలి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి బకెట్ నిండి, పొంగి, నేలంతా గోధుమరంగు పొట్టు. గోలెంలోనో, పెద్ద టబ్బులోనో, అదీ మేడ మీదే నానబెట్టండి. దాంట్లో ఉప్పు ఉంటుంది కాబట్టి కడగాలి. మొదటి నీళ్లు టీ డికాక్షన్‌లా వచ్చాయి, నాలుగోసారికి కానీ తేటపడలేదు.

నారు నాటింది అక్టోబర్ 20న, సరిగ్గా 28 రోజులకి. డబ్బా ఎరుపు మూడు, సన్‌గోల్డ్ మూడు, మిగతావి రెండేసి. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ కలిపితే చాలేది. కానీ అప్పటికి నెలరోజులుగా వీడియోలు చూసి చూసి ఉన్నాను. ఒకరు వేపపిండి అంటారు, ఇంకొకరు ఆముదపు పిండి అంటారు, ఒకరు ఎముకల పొడి లేకపోతే పూతే రాదంటారు. కోడిగుడ్డు పెంకులు, ఎండబెట్టిన అరటి తొక్కలు సరేసరి. ఐదుగురు చెప్పినవీ ఒకే బ్యాగులో వేశాను. అత్తగారు కొత్తల్లుడికి వడ్డించినట్టు వడ్డించాను.

దాని ఫలితం రెండో రాత్రే తెలిసింది. పొద్దున్నే నీళ్లు పోద్దామని వెళితే నాలుగు బ్యాగులు తవ్వేసి ఉన్నాయి, మట్టి అంతా గచ్చు మీద. రెండు మొక్కలు వేళ్లతో సహా బయట పడి వాడిపోయాయి. ఎలుకలు. మూడో అంతస్తు మేడ మీదికి ఎలుకలెలా వస్తాయని మీరు అడగొద్దు, నేనూ అడిగాను. పైపు పట్టుకుని వస్తాయట. ఎముకల పొడి, పిండి వాసనకి వచ్చి తవ్వుతాయి. మిగిలిన నారులోంచి రెండు తెచ్చి మళ్లీ నాటి, మొక్క చుట్టూ మట్టి మీద పాత ఇనుప జాలీ ముక్కలు పరిచాక ఆగాయి. ఇంకో మాట. ఆముదపు పిండి కుక్కలకి విషం. మా ఓనర్ అంకుల్ వాళ్ల కుక్క సాయంత్రాలు మేడ మీదికి వస్తుంది. ఈ సంగతి నాకు నాటిన వారానికి తెలిసింది. ఆ రోజంతా టెన్షన్‌తో దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. దానికేమీ కాలేదు. కానీ ఇంట్లో కుక్క ఉంటే ఆ పిండి జోలికి పోకండి.

నవంబర్ 3న జీవామృతం. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ గారు చెప్పిన లెక్క ఎకరానికి 200 లీటర్లు. అందులో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నేను పది లీటర్లకి దించాను. అర కిలో పేడ, అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, కాలనీ పార్కులో వేపచెట్టు కింది మట్టి. పేడ, మూత్రం గోశాల నుంచి తెచ్చుకున్నా. పెయింట్ బకెట్‌లో కలిపి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పడం. రెండు రోజులకి పైన తెల్లటి నురగ కట్టింది. వాసన నేను భయపడినంత లేదు, పులిసిన పిండి వాసనకి కొంచెం అటూ ఇటూ. పోసిన మర్నాడు మాత్రం బెల్లానికి చీమలు బారులు తీరాయి. వారానికి అవే పోయాయి.

అసలు కథ పల్లిచెక్క నీళ్లది. పల్లిచెక్కంటే పల్లీల నూనె ఆడగా మిగిలే చెక్క. 200 గ్రాముల పల్లిచెక్క రెండు లీటర్ల నీళ్లలో నాలుగు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి పోయాలని ఎక్కడో విన్నాను. మూత బిగించి మెట్ల పక్కన పెట్టాను. నాలుగో రోజు ఆదివారం. మూత తీశాను. ఆ వాసన గురించి రాయడానికి మాటల్లేవు. పెంట్‌హౌస్ ఆంటీ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఏం బిడ్డా, ట్యాంకుల ఏమన్న సచ్చిందా?"

"లేదాంటీ, ఎరువు. చెట్లకి."

"గిది తిని చెట్లు కాస్తయా? నేనైతే తినను ఆ కాయ."

మొదటి గిన్నె కాయలు మీకే ఇస్తానని చెప్పి గండం గట్టెక్కాను. ఆ వాసన రెండు రోజులు మెట్ల మీద ఉంది. మూడో అంతస్తు నుంచి కిందికి దిగే ప్రతివాళ్లూ నన్ను చూసి ఆగి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాళ్లు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. పొడిగా మట్టిలో కలిపితే చాలు, అదీ కొంచెం.

అయినా నేను ఆగలేదు. క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను. సోమవారం జీవామృతం, బుధవారం పల్లిచెక్క నీళ్లు (ఈసారి రాత్రి పదింటికి, దొంగలా), శుక్రవారం అరటి తొక్కల నీళ్లు, ఆదివారం గుప్పెడు వర్మీకంపోస్ట్. మొక్కలు కళ్లముందే లేచాయి. వేళ్లంత లావు కాండం, ముదురు పచ్చ ఆకు. నవంబర్ 24 నాటికి, అంటే నాటిన ఐదు వారాలకి సన్‌గోల్డ్ నా భుజం దాటింది. నేను కట్టిన వెదురు పుల్లలు వంగిపోతే, బట్టల తీగకి పురికొస వేలాడదీసి కట్టాల్సి వచ్చింది. ఇక ఆగలేక ఫొటో తీసి నాయనకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్.

"పాపా, ఇది టమోటానా, పొగాకా?"

"చెర్రీ టమోటా నాయనా! ఎట్లుంది?"

"ఆకు బాగుండాది, చేటంత. పూత యాడమ్మా?"

అప్పుడు చూశాను. నిజంగా చూశాను. టైనీ టిమ్‌కి తప్ప దేనికీ పూత లేదు. ఎర్ర రకానికి నాలుగు పూలు వచ్చి రాలిపోయాయి, నేను పట్టించుకోలేదు. పై ఆకులు గద్ద గోళ్లలా లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నేను దాన్ని బలం అనుకున్నాను.

"వస్తుంది నాయనా, ఇంకా ఎరువు పోస్తున్నా."

"అదే వద్దంటా ఉండా. కడుపు నిండినోడు కయ్యలోకి పోతాడా? నెల రోజులు నీళ్లు తప్ప ఏం పోయొద్దు. అదీ రోజూ కాదు. కొంచెం బెట్ట పెట్టు."

ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నెలన్నరగా ముక్కు మూసుకుని నేను పడ్డ పాట్ల మీద. పోసినవన్నీ ఒక్కసారి వరసగా రాసి చూసుకుంటే అర్థమైంది. పల్లిచెక్కలో నత్రజని దాదాపు 7 శాతం. వేపపిండి, ఆముదపు పిండి కూడా ముఖ్యంగా నత్రజనే. అది ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పూత రాదు. పేర్లు వేరైనా నేను అదే అన్నాన్ని రోజుకో కంచంలో పెట్టాను. సేంద్రియం కదా, ఎంత వేసినా ఏం కాదనే మాట నేను కూడా పదిమందికి చెప్పినదాన్నే.

ఎరువులన్నీ ఆపేశాను. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. మధ్యాహ్నం ఆకులు కొంచెం వాలితే ప్రాణం కొట్టుకునేది, సాయంత్రానికి అవే లేచేవి. ఆకు కాడల దగ్గర పుట్టే పక్క పిలకలు గిల్లేశాను. నాయన పొయ్యి బూడిద గుప్పెడు వేయమన్నాడు, పొటాష్‌కి. హైదరాబాద్‌లో పొయ్యి ఎక్కడిది? మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన ఇంకా బొగ్గుల పెట్టె వాడతాడు. అడిగితే ఒక కవర్ నిండా ఇచ్చి, "ఏం పూజ అమ్మా?" అన్నాడు. బ్యాగుకి ఒక గుప్పెడు, ఒక్కసారే.

వారం తిరక్కుండా మొగ్గలు. డిసెంబర్ 1, 2 తేదీల్లో సన్‌గోల్డ్‌కి మొదటి గుత్తి విచ్చింది. టమోటా పువ్వు తనలో తానే పరాగం రాల్చుకుంటుంది, కాస్త కదలిక ఉంటే చాలు. గాలి సరిగా ఆడని మూలలో ఉన్న బ్యాగులకి నేను రోజూ పొద్దున గుత్తి వెనక వేలితో టకటకా కొట్టేదాన్ని. డిసెంబర్ 4, బుధవారం, ఏడున్నర కాబోతోంది. సన్‌గోల్డ్ గుత్తిని కొడుతున్నాను. నేను తాకని మొక్కలు కూడా ఊగాయి. బట్టల తీగ ఊగింది. నాకు కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుని గోడ పట్టుకున్నా. కింది నుంచి జనం అరుపులు వినిపించాక తెలిసింది, భూకంపమని. ములుగు జిల్లాలో వచ్చింది, 5.3 తీవ్రత. మా ఆయన ఇప్పటికీ, ఆ రోజు నీ పూతకి భూదేవే సాయం చేసిందని ఏడిపిస్తాడు. గుత్తికి పదిహేను, పదహారు పిందెలు నిలిచాయి మరి.

డిసెంబర్ మూడో వారంలో తెల్లదోమ. మొక్క కదిలిస్తే పిండి చల్లినట్టు లేచేది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొట్టాను. మొదటిసారి ఆదివారం పొద్దున పదింటికి కొట్టా. మధ్యాహ్నానికి ఆకుల మీద కాలిన మచ్చలు. సాయంత్రం ఎండ తగ్గాకే కొట్టాలి. పసుపు ప్లాస్టిక్ పళ్లేలకి ఆముదం పూసి వేలాడదీస్తే దోమ బాగానే అంటుకుంది. కానీ ఒక యెల్లో పేర్ మొక్కకి అప్పటికే ఆకుముడత వైరస్ వచ్చేసింది. కొత్త ఆకులు చిన్నగా, పసుపుగా, దొన్నెల్లా ముడుచుకుపోయాయి. దానికి మందు లేదు. 22న పీకి కవర్‌లో కట్టి చెత్తబండిలో వేశాను. పిందెలున్న చెట్టును పీకడం ఎంత కష్టమో చెప్పలేను. రెండు రోజులు వాయిదా వేశాను కూడా, వేయకూడదని తెలిసీ.

మొదటి కాయ కోసింది డిసెంబర్ 26. టైనీ టిమ్, ఏడు కాయలు, వంటింటి తూకం మీద 40 గ్రాములు. అడుగున్నర మొక్క, చూడటానికి బొమ్మలా ఉంటుంది. రుచి మామూలే. విత్తనం వేసిన 95 రోజుల తర్వాత నోట్లో వేసుకుంటే, ఇంతేనా అనిపించింది. మావాడికి ఎనిమిదేళ్లు. "అమ్మా, ఇది టమోటాయే" అన్నాడు నిరాశగా.

సన్‌గోల్డ్ జనవరి 9న. ఇది వేరే సంగతి. పూర్తి నారింజ రంగు వచ్చేదాకా ఆగాలి, పసుపులో ఉండగా కోస్తే పులుపే. ఎండకి వెచ్చగా ఉన్నదాన్ని తెంపి కొరికితే పలచటి తోలు పటుక్కుమని, తియ్యటి రసం, వెనక నుంచి కొంచెం పులుపు. మావాడు ఆ రోజు నుంచి స్కూల్ బ్యాగ్ కూడా దించకుండా మేడ ఎక్కేవాడు. కాబట్టి కింద నేనిచ్చే తూకాల్లో వాడు తిన్నవి లేవు.

సంక్రాంతికి 11న ఊరెళ్లి 16న వచ్చాం. నీళ్లు పెట్టమని పెంట్‌హౌస్ ఆంటీకి అప్పగించాను. ఆమె పాపం పూటకో బకెట్ పోసింది, మనసారా. అప్పటిదాకా బెట్ట మీదున్న మొక్కలకి ఒక్కసారి అంత నీరు తగిలేసరికి పండు, దోరకాయ తేడా లేకుండా సన్‌గోల్డ్ అంతా పగిలింది. లెక్కపెట్టాను, 38 కాయలు. ఆంటీ ఎంతో గర్వంగా, "మంచిగ తడిపిన చూడు" అంది. థాంక్స్ చెప్పి, ముందే మాటిచ్చిన గిన్నెడు పగలనివి ఏరి ఇచ్చాను. తిననన్న మనిషి తింది. పగిలినవాటితో ఆ రాత్రి పచ్చడి చేశా. తియ్యటి పచ్చడి. ఎన్ని మిరపకాయలు దంచినా కారం ఒక పక్క, తీపి ఒక పక్క. పప్పులోకీ, చారులోకీ కూడా పనికిరావు ఇవి. వంటకి పండించుకుందామనుకుంటే మామూలు టమోటాయే వేసుకోండి.

జనవరి నుంచి మూడు వారాలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్, ఒక మగ్గు పలచటి జీవామృతం. అంతే. ఫిబ్రవరి ఒక్క నెలలోనే దాదాపు ఐదు కిలోలు వచ్చాయి.

మార్చి దాకా మొత్తం 8.6 కిలోలు. ఊరికే వచ్చిన డబ్బా ఎరుపు మూడు మొక్కలు 3.5 కిలోలు ఇచ్చాయి. మూడూ మూడు సైజుల కాయలు, ఒకదానికి కొంచెం ముక్కు కూడా ఉంది. సన్‌గోల్డ్ 2.6. ఒంటరి యెల్లో పేర్ 1.2, బుల్లి బేరికాయల్లా ఎంత ముద్దుగా ఉంటాయో అంత చప్పగా ఉంటాయి. బ్లాక్ చెర్రీ కిలో. భుజాల దగ్గర పచ్చగా, కింద వంకాయ రంగులో ఉంటుంది. పండిందో లేదో నొక్కి చూసుకోవాలి. రుచి మాత్రం నాకు సన్‌గోల్డ్ కంటే ఇదే నచ్చింది, ఉప్పు చల్లుకుని తింటే. టైనీ టిమ్ 300 గ్రాములు. ఖర్చు 4,900 రూపాయలు. అందులో బ్యాగులకి 1,140, విత్తనాలకి 640, మట్టికి 480, వర్మీకంపోస్ట్‌కి 800, రకరకాల పిండులకి, ఎముకల పొడికి 640. మిగతాది కోకోపీట్, పుల్లలు, వేపనూనె, బకెట్లు, పేడ. కిలో 570 పడింది.

మార్చి మూడో వారంలో నాయన కంటి పరీక్షకి వచ్చాడు. మేడ ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, బ్యాగు బ్యాగు దగ్గరా ఆగి చూశాడు. ఎండలు ముదిరాయి, పూత వచ్చింది వచ్చినట్టే రాలుతోంది. ఒక సన్‌గోల్డ్ నోట్లో వేసుకున్నాడు.

"ద్రాక్ష మాదిరి ఉండాది. కిలో ఎంత పడింది?"

చెప్పాను. ఆ వారం ఆయన 25 కిలోల క్రేట్ 250కి వేసి వచ్చాడు.

"నీ కిలో కాయలకి నావి రెండు పెట్టెలు పోతాయి, పాపా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

23న, ఆదివారం, ఇద్దరం కలిసి మొక్కలు పీకేశాం. బ్యాగులు గచ్చు మీద బోర్లించాం. వేళ్లు గుడ్డలా అల్లుకున్న మట్టిలోంచి అక్టోబర్‌లో వేసిన గుడ్డు పెంకులు వేసినవి వేసినట్టే బయటపడ్డాయి, తెల్లగా, అంచులు కూడా అరగకుండా. ఒక బ్యాగు అడుగున పిండి ముద్ద కట్టి బూజు పట్టి ఉంది. నాయన మట్టి గుప్పిట్లోకి తీసుకుని పిసికి, వాసన చూసి, కింద వేశాడు.

"దీంట్లో ఇంకా రెండు పంటలకి సరిపోను ఎరువు ఉండాది. ఇంకేం కొనబాక."

మళ్లీ టమోటా వేయొద్దన్నాడు, ఆకుకూరలు వేయమన్నాడు. ఉగాది, మార్చి 30న, ఆ మట్టిలోనే తోటకూర, గోంగూర చల్లాను. ఏమీ కలపలేదు. నాలుగో రోజు తోటకూర లేచింది.